బెరయ నుండి స్టాక్‌హోము వరకు: జాన్ ఫెన్ అను రసాయన శాస్త్రజ్ఞుని చరిత్ర

శతవార్షికోత్సవ సంచికకు మిషను విద్యను గూర్చి ఒక వ్యాసము వ్రాయవలెనని సంపాదక సంఘమువారు మమ్మును కోరినప్పుడు, మన డయాసిస్ పాఠశాలల చరిత్రనే వ్రాయుదుమని మొదట అనుకొంటిమి. అయితే ఆ పనిని మాకంటె పెద్దలు, ఆ బడులలో చదివి ఆ బడులలోనే పాఠములు చెప్పినవారు, చేయుటయే న్యాయము. మేము మరియొక దారి పట్టితిమి. అందుకు కారణము ఒక యువకుడు.

యౌవనస్థుల కూటములో ఒక సాయంకాలము ప్రశ్నలడుగు సమయమిచ్చితిమి. జీడిమెట్లలోని మందుల కంపెనీలో రాత్రి షిఫ్టు చేయు అబ్బాయి ఒకడు లేచి, "అయ్యగారూ, నేను రాత్రంతా ఎల్.సి.ఎం.ఎస్. మిషను ముందు కూర్చుంటాను. మందులో ఏ మలినం ఎంత ఉందో చూడటమే నా పని. మీరు ప్రసంగంలో విత్తువాని గురించి చెబుతారు, గొర్రెల కాపరి గురించి చెబుతారు. మా పని గురించి ఎప్పుడైనా చెబుతారా?" అని అడిగెను. అందరు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ఆ యంత్రమేమిటో మాకు తెలియదు. వేదాంత కళాశాలలో హెబ్రీ, గ్రీకు నేర్చితిమి గాని, మన సంఘపు బిడ్డలు ఏ పని చేసి కానుక తెచ్చుచున్నారో నేర్చుకొనలేదు.

ఆ యంత్రమును గూర్చి చదువ మొదలుపెట్టగా ఒక పేరు మరల మరల కనబడినది. జాన్ బెన్నెట్ ఫెన్. 2002వ సంవత్సరములో రసాయన శాస్త్రమునకు నోబెల్ బహుమానము పొందినవాడు. ఆయన చదివిన కళాశాల పేరు చూచి మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిమి. ఆ కళాశాల పేరు బెరయ.

అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయము తెలిసినవారికి బెరయ పేరు కొత్తది కాదు. పౌలు చెప్పినంత మాత్రమున నమ్మక, చెప్పినది నిజమో కాదో అని ప్రతిదినము లేఖనములను పరిశీలించినవారి పట్టణమది. ఆ పేరుతో అమెరికాలోని కెంటకీ రాష్ట్రములో ఒక గ్రామము, ఆ గ్రామములో 1855లో ఒక చిన్న బడి ఏర్పడినవి. బడిని స్థాపించినవాడు జాన్ గ్రెగ్ ఫీ అను బోధకుడు. ఆయన తండ్రి బానిసల యజమానుడు. కుమారుడు బానిసత్వము పాపమని బోధించినందున తండ్రి అతనిని వారసత్వము నుండి తొలగించెను. 1859లో చుట్టుపట్ల జనులు గుంపు కూడి, ఫీని, ఆయన తోటివారిని ఆ ప్రాంతము నుండి వెళ్లగొట్టిరి. అంతర్యుద్ధము ముగిసిన తరువాత ఆయన తిరిగి వచ్చి, నల్లవారి పిల్లలను, తెల్లవారి పిల్లలను, బాలురను, బాలికలను ఒక్క గదిలో కూర్చుండబెట్టి చదువు చెప్పించెను. అమెరికా దక్షిణ రాష్ట్రములలో ఇట్టి కళాశాలలలో ఇదియే మొదటిది.

ఆ కళాశాల తన నినాదముగా ఎంచుకొన్న వాక్యము కూడ ఆ 17వ అధ్యాయములోనిదే, 26వ వచనము. దేవుడు సర్వజనులను ఒకే రక్తము నుండి చేసెనను భావము. మన తెలుగు బైబిలు తెరచి చూచువారికి అచ్చట రక్తమను మాట దొరకదు. ప్రాచీన ప్రతులలో ఆ మాట లేదు గనుక మన అనువాదకులు ఒకని నుండి అను భావమునే తీసుకొనిరి. వారు చేసినది సరియే. కాని ఫీ చదివిన ఇంగ్లీషు బైబిలులో రక్తమను మాట ఉన్నది, ఆ మాట ఆయనను విడువలేదు.

అయితే చరిత్రను సగము చెప్పుట చరిత్ర కాదు. ఫీ 1901లో మరణించెను. 1904లో కెంటకీ శాసనసభ నల్లవారు, తెల్లవారు కలిసి చదువరాదని చట్టము చేసినది. అట్టి బడి ఆ రాష్ట్రమంతటిలో బెరయ ఒక్కటే గనుక చట్టము దానిమీదికే వచ్చినది. కళాశాలవారు సుప్రీము కోర్టు వరకు వెళ్లిరి. 1908లో ఓడిపోయిరి. నల్ల విద్యార్థులు వెళ్లిపోయిరి. వారికొరకు లూయీవిల్ పట్టణ సమీపమున వేరొక విద్యాలయమునకు చందాలు పోగుచేసి 1912లో తెరచిరి గాని, బెరయ కళాశాల 1950 వరకు తెల్లవారికే మిగిలినది. ఒకే రక్తమను వాక్యము ముద్రలో ఉండగా తరగతి గదిలో ఒకే రంగు కూర్చుండెను. మేము దీనిని అమెరికా వారిని నిందించుటకు వ్రాయుట లేదు. మన గ్రామములలో కొన్ని చోట్ల ఒక్క పాత్రలోని రసమును త్రాగుటకు ఎవరెవరు ఏ వరుసలో వచ్చెదరో గురువులమైన మాకు తెలియును. అచ్చట అడ్డు వచ్చినది చట్టము. ఇచ్చట ఏ చట్టమును అడ్డు లేదు.

ఫెన్ అట్టి కాలములో బెరయకు వచ్చెను. 1917 జూన్ 15న న్యూయార్కు నగరములో పుట్టి, న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో పెరిగెను. ఆర్థిక మాంద్యము వలన కుటుంబము చితికి కెంటకీకి చేరినది. హైస్కూలు చదువు పదునైదేండ్లకే ముగిసినది గాని, అంత చిన్నతనమున కళాశాలకు పోవుట తగదని మరియొక సంవత్సరము ఆగెను. బెరయలో చదువునకు రుసుము లేదు. దానికి బదులు ప్రతి విద్యార్థి పని చేయవలెను. వంటశాలలోనో, పొలములోనో, వడ్రంగి కొట్టులోనో చెమటోడ్చినవానికే తరగతిలో చోటు. మన బోర్డింగు స్కూళ్లలో ఉదయమే లేచి తోటకు నీళ్లు తోడిన పెద్దలకు ఈ పద్ధతి బాగుగా తెలియును. 1937లో ఫెన్ అచ్చట పట్టభద్రుడాయెను. 1940లో యేల్ విశ్వవిద్యాలయములో డాక్టరేటు పొందెను. ఆ సిద్ధాంత గ్రంథము నలుబదియైదు పుటలు, అందులో మాటలతో నిండినవి మూడు పుటలే. తక్కినవి పట్టికలు, లెక్కలు. మా వేదాంత కళాశాలలో మేము వ్రాసిన వ్యాసములు జ్ఞాపకము వచ్చి సిగ్గుపడితిమి.

ఇక ఆయన పరిశోధన జీవితము ఎట్లు సాగినదో చూడగా, నోబెల్ బహుమానమునకు పోవు దారి ఇదియని ఎవరును చెప్పజాలరు. పరిశ్రమలలో పన్నెండు సంవత్సరములు గడచినవి. మొదట అలబామాలోని మోన్‌సాంటో కంపెనీలో, తరువాత మిషిగన్‌లోని షార్ప్‌లెస్ కంపెనీలో, 1945 నుండి వర్జీనియాలోని రిచ్‌మండ్ నగరమున ఒక స్నేహితుడు పెట్టిన చిన్న సంస్థలో జెట్ యంత్రముల మంటలను గూర్చి పనిచేసెను. మొదటి శాస్త్ర వ్యాసము అచ్చయినది 1949లో. 1952లో ప్రిన్స్‌టన్‌కు వెళ్లి, జెట్ ఇంజనులను గూర్చిన నౌకాదళపు పరిశోధన కార్యక్రమమును నడిపించెను. అక్కడ ఆయన నేర్చినది, వాయువును సన్నని రంధ్రము గుండా శూన్యములోనికి ధ్వని కంటె వేగముగా వదలినప్పుడు అది ఎట్లు వ్యాపించును, ఎట్లు చల్లబడును అను విద్య. 1967లో యేల్‌కు తిరిగి వచ్చెను. ఈ వాయు విద్య ఎందుకు పనికివచ్చెనో ముందు చూతుము.

మాస్ స్పెక్ట్రోమీటరు అనగా అణువులను తూచు త్రాసు. అణువునకు విద్యుదావేశము కలిగించి, గాలి లేని గొట్టములో పరుగెత్తించి, విద్యుత్ క్షేత్రముతోనో అయస్కాంత క్షేత్రముతోనో దారి మళ్లించినయెడల, తేలికయైనది ఎక్కువగా, బరువైనది తక్కువగా వంగును. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఫ్రాన్సిస్ ఆస్టన్ 1919లో ఇట్టి యంత్రమును నిర్మించి, నియాన్ వాయువులో 20, 22 బరువులు గల రెండు విధముల పరమాణువులున్నవని రూఢి చేసెను. 1922లో ఆయనకును నోబెల్ బహుమానము వచ్చినది. తరువాత ఈ త్రాసు పెట్రోలు శుద్ధి కర్మాగారములకు, మందుల కంపెనీలకు పాకినది. ఒక్కటే చిక్కు. తూచవలసిన వస్తువు ముందు ఆవిరి కావలెను. సారాయి ఆవిరియగును, కర్పూరము ఆవిరియగును. గ్రుడ్డులోని తెల్లసొనను వేడిచేసిన ఆవిరియగునా? గడ్డకట్టి, మాడిపోవును. మన దేహములోని మాంసకృత్తులన్నియు అట్టివే. అందుచేత జీవమునకు మూలమైన పెద్ద అణువులు ఈ త్రాసునకు ఎక్కకుండనే ఉండిపోయినవి.

వాటిని ఎగిరించు ఉపాయము కారు రంగులలో దొరకినది. మాల్కం డోల్ అను రసాయనాచార్యుడు ఒక రంగుల కంపెనీకి సలహాదారుగా ఉండి, కార్లకు విద్యుత్తుతో రంగు చల్లు పద్ధతిని ఎరిగెను. సన్నని సూది మొనకు కొన్ని వేల వోల్టుల విద్యుత్తు ఇచ్చినయెడల ద్రవము తుంపురులుగా చీలి చిమ్ముకొనును. ప్రతి తుంపురు మీద విద్యుదావేశము ఉండును. తుంపురు ఎండి చిన్నదగుకొలది ఆవేశములు ఒకదానినొకటి త్రోసికొని, ఒక హద్దు దాటగానే తుంపురు బ్రద్దలగును. ఆ హద్దును లార్డు రేలీ 1882లోనే లెక్కకట్టి యుండెను. బ్రద్దలై, మరల ఎండి, మరల బ్రద్దలై, చివరకు ఒక్క అణువు ఆవేశముతో మిగులునని డోల్ ఊహించెను. 1968లో ఆయన తన ప్రయోగములను ప్రకటించెను గాని ఫలితములు నిలువలేదు.

ఎందుకు నిలువలేదో ఫెన్‌కు కనబడినది. తుంపురులతో కూడిన వాయువు శూన్యములోనికి దూకగానే అతి చల్లబడును. అప్పుడు అందులోని ద్రావకపు ఆవిరి, ఎండిన అణువునకు మరల అంటుకొనును. అనగా గుమ్మము వరకు ఆరబెట్టి తెచ్చిన బట్ట గుమ్మములోనే తడిసినట్లు. ఇది ప్రిన్స్‌టన్‌లో జెట్లను పరిశీలించినవానికి వెంటనే తోచునది, రసాయనము మాత్రమే చదివినవానికి తోచనిది. ఫెన్ చేసిన మార్పు చిన్నది. తుంపురులు వచ్చు దారికి ఎదురుగా వెచ్చని పొడి నత్రజనిని వీచునట్లు చేసెను. ఆ ఎదురుగాలి ఆవిరిని వెనుకకు కొట్టివేయును. ఆవేశము గల అణువులు మాత్రము విద్యుత్తు లాగుడుకు ఎదురీది లోనికి వచ్చును. జపాను నుండి వచ్చిన మసమిచి యమాషిత అను పరిశోధకునితో కలిసి 1984లో ఈ పనిని ప్రకటించెను. అప్పుడు ఫెన్ వయస్సు అరువదియేడు. ఆ సంవత్సరమే సోవియట్ దేశములోని లెనిన్‌గ్రాడ్‌లో లిడియా గాల్, ఆమె తోటివారు స్వతంత్రముగా ఇట్టి పనినే ప్రకటించిరి. వారి పేర్లు బహుమానముల పట్టికలో లేకపోయినను ఇచ్చట ఉండవలెను.

1987లో డెబ్బది యేండ్లు నిండెను గనుక యేల్ నియమము ప్రకారము ఫెన్ పదవీ విరమణ చేసెను. గౌరవాచార్యుడను పేరు మిగిలినది, ప్రయోగశాల స్థలములో చాలా భాగము పోయినది, సహాయకులు పోయిరి. పెద్ద మాంసకృత్తులను తూచిన ప్రయోగములు వెలుగు చూచినది దాని తరువాతి సంవత్సరమే. 1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన మాస్ స్పెక్ట్రోమెట్రీ సభలో ఆ ఫలితములు వినినవారు ఆశ్చర్యపడిరి. ఏలయనగా ఆ యంత్రము 1,500 వరకు మాత్రమే చూడగల చిన్న త్రాసు, దానిమీద 40,000 బరువు గల అణువు తూగినది.

ఇది ఎట్లు సాధ్యమైనదో పల్లకి ఉపమానముతో చెప్పుదుము. యంత్రము కొలుచునది అణువు బరువును కాదు, ఒక్కొక్క ఆవేశమునకు వచ్చు బరువును. పల్లకిని మోయు బోయీలలో ఒక్కొక్కని భుజము మీద పడు భారము వంటిది. ఎలక్ట్రోస్ప్రే పద్ధతిలో పెద్ద అణువునకు ఒక్క ఆవేశము కాదు, పది, ఇరువది అంటుకొనును. 10,000 బరువు గల అణువును పదిమంది మోసినయెడల ఒక్కొక్కనికి 1,000. ఇక్కడి బోయీ కూడ పల్లకితోపాటు త్రాసు ఎక్కును, అతని సొంత బరువు 1. కనుక యంత్రము 1,001 చూపును. తొమ్మండుగురు మోసిన అట్టి అణువే ప్రక్కన 1,112 దగ్గర కనబడును. బోయీలెందరో మనకు తెలియదు, పల్లకి బరువును తెలియదు. కాని ప్రక్కప్రక్కనున్న రెండు గీతలలో బోయీల తేడా ఒక్కడే గనుక, ఎనిమిదవ తరగతి బీజగణితముతో రెండును తేలిపోవును. ఒక్క అణువు ఇన్ని గీతలుగా చీలుట మొదట అందరికి తలనొప్పిగా కనబడినది. ఫెన్ విద్యార్థియైన మత్తియాస్ మాన్ దానినే లాభముగా మార్చెను. పది గీతలున్నయెడల ఒకే బరువునకు పదిమంది సాక్షులున్నట్లు, సగటు తీసినకొలది ఖచ్చితము హెచ్చును. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట ప్రతి మాట స్థిరపడవలెనను ధర్మశాస్త్ర నియమము ఎరిగిన మాకు ఈ లెక్క వెంటనే బోధపడినది. 1989లో సైన్స్ పత్రికలో వారి వ్యాసము వచ్చినది. నోబెల్ ఉపన్యాసమునకు ఫెన్ పెట్టిన పేరు, అణు గజములకు ఎలక్ట్రోస్ప్రే రెక్కలు అని.

2002 బహుమానములో సగము స్విట్జర్లాండుకు చెందిన కుర్ట్ వుత్రిక్‌కు, మిగిలిన సగము ఫెన్‌కును జపానులో షిమాడ్జు కంపెనీ ఇంజనీరైన కొయిచి తనాకాకును వచ్చినది. తనాకాకు డాక్టరేటు లేదు. ఫెన్ వయస్సు ఎనుబదియైదు.

ఇచ్చట ఆపినయెడల వ్యాసము సంచికకు సొంపుగా ఉండును. కాని ఆపలేము. 1992లో ఈ పద్ధతికి ఫెన్ తన పేర పేటెంటు పొందెను. అదే సంవత్సరము ఆయన భార్య మార్గరెట్ న్యూజిలాండులో కారు ప్రమాదమున మరణించెను. పేటెంటు తమకు చెందవలెనని యేల్ విశ్వవిద్యాలయము, తనకే చెందవలెనని ఫెన్ వాదించిరి. ఫెన్ 1994లో యేల్‌ను విడిచి, యౌవనమున పనిచేసిన రిచ్‌మండ్‌కే వెళ్లి, వర్జీనియా కామన్‌వెల్త్ విశ్వవిద్యాలయములో చేరెను. 1996లో కోర్టుకెక్కెను. తొమ్మిదేండ్ల తరువాత, 2005లో, న్యాయాధిపతి యేల్ పక్షమున తీర్పు చెప్పెను. ఫెన్ తన విశ్వవిద్యాలయమునకు ఈ పద్ధతి విలువను గూర్చి సరియైన సమాచారము ఇయ్యక పేటెంటు తీసుకొనెనని తీర్పు సారాంశము. నష్టపరిహారము, కోర్టు ఖర్చులు కలిపి పది లక్షల డాలర్లు మించినవి. అప్పటికి నోబెల్ వచ్చి మూడేండ్లు.

ఈ భాగమును తీసివేయవచ్చును గదా అని మా ఇంటిలోనే ఒకరు సలహా ఇచ్చిరి. డెబ్బది నిండినవానిని ప్రయోగశాల నుండి పంపివేసి, ఫలము పండిన తరువాత వాటా అడుగుట బాధాకరము, మా మనస్సు మొదట ఫెన్ వైపే మొగ్గినది. కాని తీర్పు సారాంశము చదివిన పిమ్మట, తూనికలో ఒక్క అంశము తప్పరాదని జీవితమంతయు శ్రమించినవాడు ఈ ఒక్క విషయములో కాగితము మీద తక్కువ తూచి చూపెనని ఒప్పుకొనక తప్పలేదు. దావీదు చరిత్ర వ్రాసినవారు ఊరియా పేరును విడువలేదు. శతవార్షిక సంచికలలో మనము మన మిషనరీలను గూర్చియు పాదిరులను గూర్చియు వ్రాయునప్పుడు ఒక్క మచ్చయు కనబడదు. అట్టివారెవరును మాకు ఇంతవరకు తారసపడలేదు.

ఎల్.సి.ఎం.ఎస్. అను పేరులోని మొదటి రెండు అక్షరములు ద్రవములోని వస్తువులను వేరుచేయు గొట్టమును, చివరి రెండు తూచు యంత్రమును తెలుపును. ద్రవము నుండి నేరుగా త్రాసునకు అణువును ఎక్కించుటకు ఫెన్ సూదియే ఈ రెంటికి వంతెన. పుట్టిన బిడ్డ మడమ నుండి తీసిన కొన్ని రక్తపు బొట్లతో అనేక జన్మ వ్యాధులను ఒకేసారి కనిపెట్టు పరీక్షలు అనేక దేశములలో మాస్ స్పెక్ట్రోమెట్రీతోనే జరుగుచున్నవి. హైదరాబాదులో 1944లో నిజాము ప్రభుత్వ కాలమున మొదలై, 1956 తరువాత రీజినల్ రీసెర్చ్ లేబరేటరీగా, 1989 నుండి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీగా పేరుపొందిన తార్నాక సంస్థలోను, జీడిమెట్ల, పటాన్‌చెరువు పరిశ్రమలలోను ఈ యంత్రముల ముందర కూర్చుండువారిలో మన సంఘముల బిడ్డలున్నారు. వారిలో కొందరి తాతలకు ఊరి బడిలో లోపల కూర్చుండుటకు చోటు ఉండెడిది కాదు.

ఫెన్ తొంబది దాటిన తరువాత, 2010 డిసెంబరు 10న రిచ్‌మండ్‌లో మరణించెను. ప్రతి సంవత్సరము స్టాక్‌హోములో నోబెల్ బహుమానములు ఇచ్చు దినమది. బెరయ కళాశాల నేటికిని విద్యార్థుల యొద్ద చదువు రుసుము తీసుకొనదు, పని మాత్రము తీసుకొనును.

ఆ జీడిమెట్ల అబ్బాయికి ఈ వ్యాసపు చిత్తుప్రతిని చూపించితిమి. పల్లకి ఉపమానము చదివి, "బోయీ బరువు సరిగ్గా 1 కాదయ్యగారూ, 1.007" అని పెన్సిలుతో ప్రక్కన వ్రాసెను. ఆ దిద్దుబాటును అంగీకరించితిమి గాని, లెక్క సులువుగా ఉండుటకై పైన 1 అనియే ఉంచితిమి.